ఆ పేజీ మళ్ళీ తియ్యరా రాంబాబూ

ప్లేనో, టెక్సాస్,
2024 జూన్ 8, శనివారం రాత్రి

ఒరేయ్ రాంబాబూ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తప్పు నాదే, తిట్టాలనుకున్నవన్నీ తిట్టు. అమ్మ కంటి ఆపరేషన్ సంగతి చెల్లెలు చెప్పింది. ఇప్పుడు పేపర్ కూడా చదువుతున్నారని విని ప్రాణం కుదుటపడింది. ఇక్కడ అందరం క్షేమం. పాపకి సెలవులిచ్చారు. శారద ఉద్యోగం మారింది. వడగళ్ళకి ఇంటి పైకప్పు పాడైతే కొత్తది వేయించాం. ఇంక కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

గురువారం టీ20 క్రికెట్ ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని ఓడించింది. నేను అక్కడే ఉన్నానురా! గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో, పాపతో.

నీకు అప్పటికి అర్ధరాత్రి దాటి ఉంటుంది. చూశావో, పడుకున్నావో. చూసినా సరే, నేను చెబుతాను, నువ్వు మళ్ళీ వినాలి.

దానికంటే ముందు నోట్‌బుక్ సంగతి. మన క్రికెట్ స్కోర్ల లాంగ్ నోట్‌బుక్, దేశానికో పేజీ. 2004 సెప్టెంబరులో ఛాంపియన్స్ ట్రోఫీకి అమెరికా వస్తోందంటే, వాళ్ళకి పేజీ ఇవ్వాలా వద్దా అని హాస్టల్ మెట్ల మీద గంటసేపు కొట్టుకున్నాం. నేను పట్టుబట్టి ఇప్పించాను. న్యూజిలాండ్ 347 కొడితే వీళ్ళు 137కి ఆలౌట్. మూడు రోజులకి ఆస్ట్రేలియా మీద 24 ఓవర్లలో 65. ఆస్ట్రేలియా ఎనిమిది ఓవర్లు కూడా నిండకుండానే ఒక్క వికెట్ పోగొట్టుకుని కొట్టేసింది. నువ్వు ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసి, "దుకాణం మూసేశారు" అని రాసి, కింది ఖాళీలో మెస్సు బాకీల లెక్క వేశావు. నాకు ఎంత కోపం వచ్చిందో నీకు తెలుసు.

నిజానికి నీ గీత చాలా ఏళ్ళు నిలబడింది. 2020 ఫిబ్రవరిలో నేపాల్ వాళ్ళ కీర్తిపూర్‌లో వీళ్ళు 35కి ఆలౌట్, సందీప్ లామిచానే ఒక్కడే ఆరు వికెట్లు తీశాడు. ఆ రోజు నీకు ఫోన్ చెయ్యలేదు, నువ్వు ఏమంటావో తెలుసు కాబట్టి. కానీ ఆ మరుసటి ఏడాది డిసెంబరులో ఫ్లోరిడాలో ఐర్లాండ్‌ని టీ20లో 26 పరుగులతో ఓడించారు. టెస్టులాడే దేశాన్ని టీ20లో ఓడించడం వీళ్ళకి అదే మొదలు. మొన్న మే నెలలో హూస్టన్ దగ్గర బంగ్లాదేశ్‌తో మూడు మ్యాచ్‌లు ఆడితే మొదటి రెండూ వీళ్ళవే. జూన్ 1న ఇక్కడే కెనడా 194 కొడితే 17.4 ఓవర్లలో ఊదేశారు. ఆరన్ జోన్స్ 40 బంతుల్లో 94, పది సిక్సర్లు! ఇంకో మాట తెలుసా, ప్రపంచంలో రెండు దేశాల మధ్య మొట్టమొదటి క్రికెట్ మ్యాచ్ ఈ అమెరికా, కెనడాలదే. 1844లో, న్యూయార్క్‌లో. మొదటి టెస్టుకి 33 ఏళ్ళ ముందు. కెనడా 23 పరుగులతో గెలిచింది. ఇదంతా ఆ పేజీలో పైన రాయాల్సిన సంగతిరా, మనకి అప్పుడు తెలియదు.

సరే, గురువారం. ఆఫీసుకి సెలవు పెట్టాను. పొద్దున పదిన్నరకి మ్యాచ్, తొమ్మిదికే ఎండ మాడుతోంది. ఆ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్‌ది, ఎక్కడ కూర్చున్నా ఫీల్డర్ మొహం కనిపించేంత చిన్నది. చుట్టూ పచ్చ చొక్కాలే ఎక్కువ. నేను సంచీలో ఒక లాంగ్ నోట్‌బుక్, రెండు పెన్సిళ్ళు పెట్టుకెళ్ళాను. అవును, స్కోరు రాశాను. నీ పద్ధతిలోనే, చుక్క బంతికి చుక్క, వికెట్‌కి గుండ్రం చుట్టి. పాప పక్కన కూర్చుని "ఎందుకు నాన్నా, బోర్డు మీద ఉంది కదా" అంది. మా రాంబాబు మామయ్యకి చూపించాలి అన్నాను.

రెండో ఓవర్లో అమెరికా బౌలర్ నేత్రావల్కర్ బంతి పాకిస్తాన్ ఓపెనర్ రిజ్వాన్ బ్యాటుకి తగిలి స్లిప్ వైపు పోయింది. స్టీవెన్ టేలర్ గాల్లోకి లేచి ఒంటిచేత్తో పట్టాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఐదు ఓవర్లు తిరగకుండానే 26కి మూడు. బాబర్, షాదాబ్ కలిసి నిలబెట్టారు గానీ కెంజిగె వచ్చి షాదాబ్‌ని తీసి, వెంటనే ఆజం ఖాన్‌ని మొదటి బంతికే పంపించాడు. ఈ కెంజిగె పుట్టింది అమెరికాలో, పెరిగింది కర్ణాటకలో. చివర్లో షాహీన్ బాదితే 159.

నేత్రావల్కర్ గురించి రాయకపోతే నాకు తృప్తి లేదు. ముంబై కుర్రాడు. 2010 అండర్-19 ప్రపంచకప్‌లో ఇండియాకి ఆడాడు, క్వార్టర్ ఫైనల్లో పాకిస్తాన్ చేతిలోనే ఓడిపోయారు. అప్పుడూ అవతల బాబర్ ఉన్నాడు. తర్వాత కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ అని ఇక్కడికి వచ్చేశాడు, మన బ్యాచ్‌లో సగం మంది వచ్చిన దారే. ఆరాకిల్‌లో ఉద్యోగం చేసుకుంటూ బౌలింగ్ మానలేదు. నేను ఈ దేశం వచ్చాక బంతి పట్టుకుని ఎన్నాళ్ళయిందో... సరే, అది వేరే ఉత్తరం.

మనవాళ్ళు (చూశావా, మనవాళ్ళు అని రాసేశాను, కొట్టెయ్యను) బాగా మొదలుపెట్టారు. కెప్టెన్ మోనాంక్ పటేల్ 50. 13 ఓవర్లకి 104, చేతిలో బోలెడు వికెట్లు. ఆ తర్వాత ఆమిర్, నసీమ్ బిగించేశారు. అంతసేపు గోల చేసిన స్టేడియంలో మాట లేదు. చివరి ఓవర్‌కి 15 కావాలి, బంతి హారిస్ రవూఫ్ చేతిలో. ఒకటి, ఒకటి, ఒకటి. అయిపోయింది అనుకున్నాను. నాలుగోది జోన్స్ సిక్స్! ఐదోది మళ్ళీ ఒకటి. ఆఖరి బంతికి ఐదు కావాలి. పాప నా చొక్కా అంచు మెలితిప్పి పిడికిట్లో పట్టుకుంది. ఫుల్‌టాస్ రా! నితీశ్ కుమార్ దాన్ని మిడాఫ్ మీదుగా లేపాడు. నేను నాలుగు అని రాయబోతే ముల్లు పుటుక్కున విరిగి కాగితం చిరిగింది. ఆ గడిలో అంకె లేదు, చిల్లు ఉంది. టై!

టై అయితే చెరో ఓవర్, అదే సూపర్ ఓవర్. ముందు మనవాళ్ళకి ఆమిర్ వేశాడు. మొదటి బంతే జోన్స్ ఫోర్. ఇంక వైడ్ల మీద వైడ్లు, కీపర్ దగ్గరికి వెళ్ళిన బంతికి కూడా పరుగులే. నీ గేదె ఓవర్ గుర్తొచ్చి, ఆ టెన్షన్‌లో కూడా నవ్వాగలేదు. ఆ గేదెగల ఆసామి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడా? 18 వచ్చాయి. తర్వాత మన నేత్రావల్కర్. ఇఫ్తికార్ ఒక ఫోర్ కొట్టేసరికి నా కాళ్ళు వణికాయి. ఇంకోటి లేపాడు, మిలింద్ కుమార్ పరిగెత్తుకొచ్చి ముందుకు దూకి పట్టాడు. ఆఖరి బంతికి ఏడు కావాలి, ఒకటే వచ్చింది. పాకిస్తాన్‌కి 13.

నేను ఏడ్చానురా. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, జీతం, ఇల్లు, పాప పుట్టుక, అన్నీ ఇక్కడే. అయినా ఇది నాది అని ఎప్పుడూ గట్టిగా అరవలేదు. గురువారం గొంతు పోయేదాకా అరిచాను. పాప ఇంటికొచ్చి తను కూడా క్రికెట్ ఆడతానంది. వెంటనే గీతిక కొడాలి ఫొటో చూపించాను. మన తెలుగమ్మాయే, నిరుడు అండర్-19 ప్రపంచకప్‌లో అమెరికా కెప్టెన్. పాప ఆ పేరు రెండుసార్లు పైకి చదువుకుంది.

ఇప్పుడు నాకు ఒకటే బెంగ. 12వ తేదీన న్యూయార్క్‌లో అమెరికాకి ఇండియాతో మ్యాచ్. నేత్రావల్కర్ పరిగెత్తుకొస్తుంటాడు, అవతల కోహ్లీ. నేను ఎవరికి... రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. శారద ఇండియా అంటుంది, పాప అమెరికా అంటుంది. నువ్వేమంటావో తెలిసినా నీ చేత్తో రాసి పంపు.

ఇంకో పని. మీ అటక మీద నాన్నగారి ట్రంకు పెట్టెలో ఆ నోట్‌బుక్ ఉండి తీరాలి. తీసి చూడు. మెస్సు బాకీల కింద రెండు వేళ్ళ జాగా మిగిలి ఉంటుంది. అక్కడ రాయి, నీలం పెన్నుతో. ఎర్ర గీత కొట్టెయ్యకు, అది అలాగే ఉండనీ, దాని కిందే...

శారద పిలుస్తోంది. రేపు పొద్దున ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్‌కి పదిమంది వస్తున్నారు, ఇడ్లీ పిండి గ్రైండర్ నుంచి తియ్యాలట. ఆ చిల్లు పడ్డ కాగితం ఇందులోనే మడిచి పెడుతున్నాను, జాగ్రత్త.

నీ
సూరి