బుజ్జీ, ఆ కిట్ నాకొద్దు

బుజ్జీ,

నువ్వు ఆర్డర్ పెడతానంటున్న ఆ రక్తం చూసి ఒంటి అసలు వయసు చెప్పే టెస్ట్ నాకొద్దే. కోపం తెచ్చుకోకు, చదివే చెప్తున్నా, జువాలజీ లెక్చరర్‌కి లింకు పంపితే ఊరుకుంటుందా మరి.

డీఎన్ఏలో అక్షరాలు పెద్దగా మారవు గానీ వాటి మీద అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వయసు పెరిగేకొద్దీ కొన్నిచోట్ల పెరుగుతాయి, కొన్నిచోట్ల తగ్గుతాయి. 2013లో హార్వత్ అనే ఆయన అలాంటివి 353 చోట్ల చూసి వయసు అంచనా కట్టేశాడు, ఇలాంటి లెక్కల్నే క్లాకులంటారు. 2019లో వచ్చిన గ్రిమ్‌ఏజ్ అనే క్లాకయితే నేరుగా ఎవరు ఎంత ముందు పోయారన్న లెక్కలతోనే తయారైంది, సిగరెట్లు ఎన్ని కాల్చారో కూడా రక్తంలోంచే అంచనా వేస్తుందిట. మీ తాతమ్మ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది, ఆవిడ రక్తం ఇస్తే దానికి కళ్లు తిరిగేవి.

అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద స్టడీలోని 1,813 మంది పెద్దవయసు ఆడవాళ్లని చూసి 2022లో రాశారు, ఈ క్లాకుల్లో వయసు ఎక్కువొచ్చినవాళ్లకి నడక, మతి బాగుండి 90 దాకా బతికే అవకాశం తక్కువట. సరే, ఒప్పుకుంటా. కానీ అది అంతమందిని కలిపి చూసిన మాట, నాకొక్కదానికి 75 అనొస్తే నువ్వేం చేస్తావ్? ఒకే రక్తాన్ని రెండుసార్లు చూస్తే కొన్ని క్లాకుల్లో తొమ్మిదేళ్ల దాకా తేడా రావచ్చని అదే ఏడాది ఇంకో పేపరుంది. ఈవేళ 66, రేపు 75 అంటే నువ్వక్కడ నిద్రపోవు, నీ ఫోన్లకి నాకిక్కడ నిద్రుండదు.

నాకు మనసులో పడింది వేరే. మెనోపాజ్, అదే నెలసరి ఆగిపోవడం, ముందే వచ్చినవాళ్లకి రక్తంలో ఈ వయసు ఎక్కువ కనిపించిందని 2016లో ఒక పేపర్, ఆపరేషన్ చేసి ఓవరీలు (అండాశయాలు) రెండూ తీసేసినవాళ్లకీ అంతేనట. అది చదవగానే మీ పెద్దమ్మ గుర్తొచ్చింది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే కేన్సరొస్తుందని భయపెట్టి ముప్పై రెండేళ్లకే గర్భసంచి, ఓవరీలు అన్నీ తీసేశారు, ఆ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేదు, యాభై దాటకుండా మణికట్టు విరిగింది, మనమేమో నరాల బలహీనత అనుకున్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఏపీలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంది, దేశం మొత్తమ్మీద చూస్తే 3 శాతమే. ఇదేం మాయదారి వైద్యమో.

అందుకే నీ ఫైబ్రాయిడ్ల గురించి, అదే గర్భసంచిలో గడ్డల గురించి అంటున్నా. గర్భసంచి తీసేద్దాం అంటే వెంటనే సరే అనకు, మందులతో అవుతుందా, గడ్డలు మాత్రం తీస్తే చాలదా అని అడుగు. గర్భసంచి తియ్యక తప్పదంటే ఓవరీలు ఉంచుతారా, ఉంచకపోతే ఎందుకు, అది గట్టిగా అడుగు. ఇంట్లో కేన్సర్ జీన్ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి తియ్యాల్సి రావచ్చు. ఇంకో డాక్టర్‌కి కూడా చూపించు, మొహమాటపడకు, అల్లుడుగారిని తీసుకెళ్లు.

నా సంగతంటావా, పొద్దున్నే అరసవల్లి వైపు నడుస్తున్నా. సగటున 72 ఏళ్లున్న 16,741 మంది ఆడవాళ్ల మీద హార్వర్డ్‌లో ఐ-మిన్ లీ అనే ఆవిడ 2019లో రాసింది, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లకి చావు రిస్క్ 41 శాతం తక్కువట, 7,500 దాటాక ఇంక పెద్దగా తేడా లేదట. ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కదా అని నాకూ అనుమానమే, అయినా దీనికి రూపాయి ఖర్చులేదు. పది వేల అడుగులు, పది వేల అడుగులు అని నన్ను చంపకు మరి.

ఆ కిట్ డబ్బులు పంపాలనే ఉంటే ఎముకల స్కాన్ చేయించుకుంటా, మిగిలినవాటితో బాత్‌రూమ్‌లో పట్టుకోడానికి రాడ్లు బిగిద్దాం. మొన్నొచ్చిన మేస్త్రీ మీ నాన్న బేరానికి మళ్లీ కనపడలేదు. నీ అపాయింట్‌మెంట్ ఏ రోజో చెప్పు, మాకు అర్ధరాత్రయినా పర్లేదు, బయటికి రాగానే ఫోన్ చెయ్.

అమ్మ