మా జిల్లా మీ మ్యాప్‌లో లేదు, మీ లిస్టులో కూడా లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నేను నారాయణపేటలో సోషల్ టీచర్‌ని. మీ దగ్గర తెప్పించిన మ్యాప్ కిట్‌లో తెలంగాణ గోడ మ్యాప్ పాతది, 31 జిల్లాలతోనే ఉంది. మా నారాయణపేట జిల్లా, ములుగు జిల్లా రెండూ ఏర్పడింది 2019 ఫిబ్రవరి 17న. దిక్కులు, స్కేలు, సూచిక అన్నీ చెప్పి ఇగ మన జిల్లా గుర్తు పెట్టుండ్రి అంటే పిల్లలు ఎక్కడ పెట్టాలె? సరే పాత స్టాక్ వచ్చి ఉంటది, మార్చిస్తరు అనుకొని ఫోన్ చేసిన. అసలు కథ అక్కడ మొదలైంది.

మొదట ఎత్తిన అబ్బాయి "మ్యాప్ చిరిగిందా మేడమ్?" అన్నడు. చిరగలేదన్న. "అయితే డ్యామేజ్ కిందికి రాదు, ఫోటో పంపండి చూస్తం" అన్నడు. లేని జిల్లాకు ఫోటో ఎట్ల తీస్తరు? అది ఉండాల్సిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టి పంపిన. జవాబు ఏమొచ్చిందంటే ఫోటోలో లోపం కనిపించలేదట, పైగా పెన్సిల్ గీతలున్నయి కాబట్టి వాడిన వస్తువట!

మళ్లీ చేస్తే ఒకమ్మాయి, పాపం మర్యాదగానే మాట్లాడింది, పికప్ పెడత జిల్లా చెప్పండి అంది. చెప్తే "లిస్టులో నారాయణపేట వస్తలేదు మేడమ్, నారాయణఖేడ్ వస్తుంది, అదే పెట్టనా?" వద్దమ్మా, అది సంగారెడ్డి జిల్లా, పాత జిల్లా మహబూబ్‌నగర్ అని పెట్టు అని పిన్ కోడ్‌తో సహా చెప్పిన. అయినా పికప్ నారాయణఖేడ్‌కే పోయింది. ఆ పిల్లగాడు అక్కడి బస్టాండ్ నుంచి ఫోన్ చేసి ఎటు రావాలె మేడమ్ అంటే, తిన్నగ దక్షిణానికి రా నాయనా, ఒక డిగ్రీ పైనే ఉంటది అన్న. మేము 17 డిగ్రీల అక్షాంశానికి కొంచెం కింద, నారాయణఖేడ్ 18 దగ్గర, ఒక్క డిగ్రీకే దాదాపు 111 కిలోమీటర్లు. మా ఆరో తరగతి పిల్లలు చెప్తరు ఈ లెక్క. పోనీ పిన్ కోడ్ చూసినా తెలిసేది, మాది 509, వాళ్లది 502. మ్యాప్ చదవడం నేర్పిస్తం అని అట్ట మీద అంత పెద్ద అక్షరాలు వేసుకున్నరు గదా, ఒక కిట్ మీ కాల్ సెంటర్‌కు కూడా పంపుకోండి.

తర్వాత "కస్టమర్ అడ్రస్‌లో లేరు" అని కంప్లైంట్ క్లోజ్ చేసేసిన్రు, ఇంక మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తరు అని మెసేజ్. మెయిల్ పెడితే మీ అభిప్రాయం మాకు విలువైనది అంటది మిషన్. మనిషి మాత్రం పలకడు.

నారాయణపేట చీరంటే దేశమంతా తెలుసు. కృష్ణా నది తెలంగాణలోకి వచ్చేదే మా జిల్లా నుంచి. మ్యాపులు అమ్ముకునే మీకే మేము కనపడమా? ఎన్నో ఏళ్లుగా మా బళ్లో మీ అట్లాసులే కొనిపిస్తున్న, వేరే కంపెనీ వాళ్లు తక్కువకిస్తమన్నా వద్దన్న, దానికి ఇదా మర్యాద?

33 జిల్లాల మ్యాప్ పంపుతరో, పైసలు వాపస్ ఇస్తరో మీ ఇష్టం, పరీక్షల లోపల తేలాలె. లేకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్త, అప్పటికీ తేలకుంటే మహబూబ్‌నగర్ వినియోగదారుల కమిషన్‌కు పోత. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినంక కొన్నోళ్లు తాముండే చోటనే కేసు వేసుకోవచ్చు, మీ హెడ్డాఫీసు ఏ మూలనున్నా మా దగ్గరికే రావాలె. దారి నేను చెప్పను. మండలంల ఉన్న సోషల్ సార్లకు, మేడమ్‌లకు కూడా మీ కథంతా చెప్త.

ఫోన్ చేసేటట్లయితే బడి అయినంక సాయంత్రం చేయండి, రికార్డు గొంతుతోని కాదు, మనిషితోని.

ఇట్లు,
మీ మ్యాప్‌లో లేని జిల్లా నుంచి ఒక టీచర్