వార్షిక నివేదిక: కొండ మీది రిపీటర్‌కి కొత్త పెట్టె

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన హామ్ (ఔత్సాహిక) రేడియో సంఘం పనుల్లో సగం ఒక్క పెట్టె చుట్టూనే తిరిగింది. మిగతావి ముందు చెప్పేసి దాని దగ్గరికి వస్తాను. ఆదివారం ఉదయం నెట్ (సభ్యులంతా రేడియోలో కలిసి మాట్లాడుకునే కార్యక్రమం) వానాకాలంలో కాస్త పలచబడినా ఆగలేదు. లైసెన్సు పరీక్షకు శిక్షణ తరగతులు నడిచాయి. కొత్తగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో వాడే గుర్తింపు పేరు) వచ్చినవాళ్లను ఈ సభలోనే పరిచయం చేస్తాం. అక్టోబరులో ఎప్పటిలాగే అత్యవసర డ్రిల్ చేశాం, లైన్ కరెంటు ముట్టుకోకుండా, బ్యాటరీల మీదే. జమాఖర్చుల పత్రం విడిగా జతపరిచాం, కోశాధికారి వివరిస్తారు.

ఇక పెట్టె సంగతి. ఇన్నాళ్లూ మన రిపీటర్ (దూరం నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని అందుకుని మళ్లీ బలంగా ప్రసారం చేసే యంత్రం) ఒక మిత్రుడి భవనం పై అంతస్తు గదిలో ఉండేది. ఆ భవనం పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. ఆయన్ని తప్పుపట్టేదేమీ లేదు, అన్నేళ్లు అద్దె లేకుండా ఉంచారు. దాంతో కొండ మీద మనకున్న చిన్న టవర్ దగ్గరికే అంతా మార్చాల్సి వచ్చింది. అక్కడ గది లేదు. ఉన్నదల్లా కాంక్రీటు దిమ్మె, ఎండ, సముద్రం గాలి, కోతులు. చోటు మార్పుకు టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగానికి దరఖాస్తు పెట్టాం.

"వాట్సాప్ ఉండగా రిపీటర్ ఎందుకండీ?" అని కొత్త సభ్యులు అడుగుతుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖలో తీరం దాటినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు ఆ మాట అడగరు. గంటకు 185 కిలోమీటర్ల గాలికి స్తంభాలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున చేతి సెట్లతో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి మాట చేరాలంటే ఎత్తు మీద రిపీటర్ బతికి ఉండాలి. పెట్టె ఎంపికలో కమిటీ పెట్టుకున్న కొలబద్ద ఇదే. మామూలు రోజున పనిచేసే పెట్టెలు బజారులో బోలెడు దొరుకుతాయి.

మొదటి సమావేశంలోనే "ఒక ఇనుప బీరువా కొని తాళం వేస్తే పోలా?" అన్న మాట వచ్చింది. నవ్వుకున్నాం గానీ కమిటీలోని మాస్టారు చెప్పిన రెండో మాట ఆలోచించదగ్గదే: "వాన పడకుండా, దొంగ ఎత్తుకుపోకుండా ఉంటే చాలు కదయ్యా, ఇంకేం కావాలి?" లెక్క వేస్తే తేలింది, ఆ రెండిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఎండ అని.

మన రిపీటర్ 25 వాట్లు గాల్లోకి పంపేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే 80 వాట్ల పైచిలుకు లోపలికి పోతే 25 బయటికి వస్తుంది, మిగిలిన 55 దాకా వేడి. ఎనభై సెంటీమీటర్ల ఎత్తు, అరవై వెడల్పు, నలభై లోతున్న ఇనుప పెట్టెలో ఆ వేడి వల్ల లోపలి గాలి బయటికన్నా ఐదారు డిగ్రీలే పెరుగుతుంది. అది పెద్ద సమస్య కాదు. కానీ అదే పెట్టె ముఖం మీద ఎండ నేరుగా కొడితే చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వరకు పడుతుంది. ముదురు బూడిద రంగు వేసిన తలుపు అందులో మూడు వందల వాట్ల పైనే తాగేస్తుంది. ట్రాన్స్‌మిటర్ వేడికి ఇది ఐదారు రెట్లు! కంపెనీవాళ్లు చూపించిన మోడళ్లలో ఎక్కువ భాగం ముదురు బూడిద రంగువే కావడం విడ్డూరం.

వేడి వల్ల పాడయ్యేది ట్రాన్సిస్టర్ ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు. మనది 600 కిలోహెర్ట్జ్ తేడాతో ఒకే యాంటెనా మీద వింటూ, పంపుతూ ఉండే వ్యవస్థ. ఆ రెండిటినీ విడదీసే డ్యూప్లెక్సర్ కావిటీలు లోహపు గొట్టాలే. వేడికి లోహం సాగితే ట్యూనింగ్ పక్కకి జారిపోతుంది. వేడికి దాదాపు సాగని ఇన్వార్ మిశ్రలోహపు కడ్డీ లేని మామూలు కావిటీ 145 మెగాహెర్ట్జ్ దగ్గర డిగ్రీకి రెండు మూడు కిలోహెర్ట్జ్ పక్కకి జారుతుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ముప్పై డిగ్రీలు పెరిగితే ఎంత జారుతుందో మీరే గుణించుకోండి. మధ్యాహ్నం పూట దూరపు స్టేషన్లు గరగరమంటున్నాయని వేసవిలో వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని దీనివల్లే అయ్యుండొచ్చు.

కమిటీలో అసలు వాదన ఇక్కడే నడిచింది. ఫ్యాను, జాలీ పెట్టి గాలి ఆడే పెట్టె కావాలని ఒక వర్గం, పూర్తిగా మూసిన పెట్టె కావాలని ఇంకో వర్గం. గాలి ఆడితే చల్లగా ఉంటుంది, నిజమే. కానీ ఆ గాలిలో ఉప్పుంది. పాత యాంటెనా దగ్గర విప్పిన కనెక్టర్‌ని మాస్టారు టేబుల్ మీద పెట్టారు. పచ్చటి పొడి రాలింది, మధ్య పిన్ను గోటితో గీకితే ఊడి వచ్చింది. దాని పక్కనే పాత సర్జ్ బాక్సు (హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజీని ఆపేది), లోపల కందిరీగ మట్టిగూడు, ఫ్యూజు టెర్మినళ్ల మీద ఎండిపోయిన బల్లి. జాలీ వర్గం అక్కడితో చల్లబడింది. మూసిన పెట్టెకే తీర్మానమైంది: లోపల గాలిని తిప్పే చిన్న ఫ్యాను, వెనక గోడకి ఆనించి వేడిని బయటికి లాగే హీట్‌సింక్, తెల్ల రంగు, పైనా పడమటి వైపూ నాలుగు వేళ్ల ఎడంతో గొడుగులా రేకు. మే నెలలో ఖాళీ పెట్టెని కొండ మీదే ఉంచి చూశాం. రేకు తీసేసిన మధ్యాహ్నం తలుపు మీద చెయ్యి ఆనలేదు. రేకు బిగించాక ఆనింది.

ఐపీ రేటింగు (దుమ్మూ నీరూ లోపలికి పోకుండా పెట్టె ఎంత ఆపుతుందో చెప్పే అంకె) గురించి సభ్యులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఐపీ 66 అంటే దుమ్ము చొరబడదు, 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి వంద లీటర్ల నీళ్లు కొట్టినా లోపలికి హాని చేసేంత నీరు పోదు. పరీక్ష జరిగేది కొద్ది నిమిషాలు, మంచినీళ్లతో, కొత్త రబ్బరుతో. ఐదేళ్ల ఎండకి ఆ రబ్బరు ఏమవుతుందో ఆ అంకె చెప్పదు. పైగా మనం కేబుల్ కోసం డ్రిల్లుతో కన్నం వేసిన క్షణం నుంచి ఆ రేటింగు బాధ్యత కంపెనీది కాదు, మనది. అందుకే కన్నాలన్నీ అడుగునే, ప్రతిదానికీ కేబుల్ చుట్టూ బిగుసుకునే గ్లాండ్, వాడనివాటికి బిరడా. కేబుల్ పెట్టెలోకి ఎక్కేముందు కిందికి వంగి మలుపు తిరగాలి, అప్పుడు నీటిబొట్టు ఆ వంపులోనే జారిపోతుంది.

మూసిన పెట్టెకి ఇంకో జబ్బుంది. పగలు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. అలా చుక్క చుక్క చేరి అడుగున నీళ్లు నిలుస్తాయి. దీనికి గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉన్న వెంట్ ప్లగ్గు ఒకటి అడుగున పెట్టించాం. దాని ధర పెట్టె ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు, మరిచిపోతే మాత్రం లోపలి సామాను పాడైపోతుంది.

లోహం విషయంలో ఎక్కువసేపు పట్టలేదు. పౌడర్ కోటింగ్ వేసిన మామూలు రేకు ఒక్క గీత పడితే చాలు, అక్కణ్నుంచి తుప్పు. ఫైబర్ పెట్టె తుప్పు పట్టదు, కానీ రేడియో తరంగాలకి అడ్డుగోడ కాదు. సోలార్ ఛార్జర్ వదిలే రేడియో రొద నేరుగా రిసీవర్ చెవిలో పడుతుంది. స్టీలులో 304 రకం సముద్రం పక్కన మచ్చలు తేలుతుంది. రెండు మూడు శాతం మాలిబ్డినమ్ కలిసిన 316 రకం తట్టుకుంటుంది. ఖరీదెక్కువని గొణిగినవాళ్లున్నారు, నేనూ అందులో ఉన్నాను. చివరికి 316కే సంతకం పెట్టాం.

బ్యాటరీలకి వేరే పెట్టె, నీడవైపు, గాలి ఆడేలా. సీల్డ్ లెడ్ యాసిడ్ అయినా ఓవర్‌ఛార్జ్ అయితే హైడ్రోజన్ వదులుతుంది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) నిప్పురవ్వలున్న చోట దాన్ని మూసి ఉంచకూడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకీ వాటి ఆయుష్షు సగమవుతుందన్నది అందరూ పాటించే లెక్క.

దొంగల సంగతి. సెల్ టవర్ల దగ్గర పోయేవి బ్యాటరీలు, రాగి కేబుళ్లు. మన దగ్గరా అంతే. కీళ్లు తలుపు లోపలివైపు ఉన్న పెట్టె తీసుకున్నాం, బయట ఉలితో కొట్టడానికి ఏమీ దొరకదు. హ్యాండిల్ తిప్పితే మూడు చోట్ల పట్టే గడియ, తాళం కొక్కెం కట్టర్ దూరకుండా కవచంలో. దిమ్మెకి బిగించే బోల్టులు లోపలి నుంచే వేశాం. తలుపు తెరిస్తే రిపీటర్ తన ఐడీ (సొంత కాల్‌సైన్) తర్వాత అదనంగా ఒక బీప్ పంపుతుంది, విన్నవాళ్లు కమిటీకి ఫోన్ చేయాలి. సంఘం పేరు పెద్ద అక్షరాలతో రాయిద్దామని కొందరు ఉత్సాహపడ్డారు. అది దొంగకి చిరునామా ఇచ్చినట్టేనని వద్దన్నాం. విద్యుత్ ప్రమాద హెచ్చరిక మాత్రం రాశాం. కోతులు లాగకుండా కేబుల్ అంతా ఇనుప గొట్టంలో పోతోంది.

గాలికి లెక్క కూడా చూశాం. భారత ప్రమాణం ప్రకారం విశాఖ ప్రాంతానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ గాలి మన తలుపు మీద దాదాపు 70 కిలోల బరువుతో తోస్తుంది, కొండ కొమ్మున ఇంకాస్త ఎక్కువే. నాలుగు యాంకర్ బోల్టులు చాలనుకున్నచోట ఆరు వేశాం. పిడుగు కోసం యాంటెనా కేబుల్, కరెంటు, సోలార్ మూడింటి అరెస్టర్లూ (పిడుగు కరెంటును భూమిలోకి మళ్లించేవి) ఒకే రాగి పలకకి, ఆ పలక నుంచి ఒకే ఎర్త్‌కి.

సభ తేల్చాల్సినవి మూడు మిగిలాయి. రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? కొండకి దగ్గర్లో ఉంటూ రాత్రిపూట ఫోన్ ఎత్తేవారైతే మేలు. వానాకాలానికి ముందూ తర్వాతా పెట్టె తెరిచి రబ్బరు, గ్లాండ్లు, వెంట్ ప్లగ్గు చూసే బాధ్యతకి జోడీలుగా పేర్లు ఇవ్వండి. 316 స్టీలు వల్ల పెరిగిన ఖర్చుకి ఈ ఒక్క ఏడాదికి చందా పెంచాలని కమిటీ ప్రతిపాదన. అభ్యంతరాలుంటే సభలోనే చెప్పండి, నెట్ మీద కాదు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి