ఫొటోలో గ్లాసు గురించి

టులూజ్, ఫ్రాన్స్,
ఆదివారం రాత్రి

అమ్మా,

మొన్న ఫోన్‌లో అన్నీ మాట్లాడావు, నేను వైన్ గ్లాసు పట్టుకున్న ఆ ఫొటో ఊసు మాత్రం ఎత్తలేదు. నువ్వు తిట్టినా బాగుండేది. ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. పెద్దమ్మ ఏమందో అక్క చెప్పిందిలే. ఫోన్‌లో మొదలుపెడితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే రాస్తున్నాను. కొత్త కళ్లజోడు వచ్చేదాకా నాన్నను చదివి పెట్టమను.

ఆఫీసు మామూలే. చలి మొదలైంది, శాలువా వాడుతున్నాను.

ఆ ఫొటో తీసిన రోజు మా ఆఫీసులో ఆవిడ నన్ను వాళ్ల పుట్టింటికి భోజనానికి పిలిచింది. మదిరాన్ దగ్గర పల్లెటూరు, ఇక్కడికి పడమరగా కారులో రెండు గంటలు. అక్కడి ఎర్ర వైన్‌లో ముఖ్యంగా ఉండేది తనా అనే నల్ల ద్రాక్ష. 1948 నుంచి ఆ చుట్టుపక్కల తోటల్లో చేసినదానికే మదిరాన్ అనే పేరు పెట్టుకునే హక్కు ఉంది.

భోజనానికి ముందు వైన్ చేసేచోటికి తీసుకెళ్లారు. నాన్నా, ఇది అమ్మకు గట్టిగా చదువు: అక్కడ రుచి చూసినవాళ్లు మింగరు. నోట్లో తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేస్తారు. కారు నడిపేవాళ్లయితే మరీ జాగ్రత్త, ఇక్కడ లీటరు రక్తంలో అర గ్రాము దాటితే పోలీసు కేసే.

గ్లాసు వంచి తెల్ల కాగితం మీద పట్టి చూపించారు. మధ్యలో సిరాలా నలుపు, అంచున ఊదా. వాసన నేరేడు పండ్లదీ, కొంచెం పొగదీ. నోట్లో పోసుకుంటే మాత్రం చిగుళ్లు, చెంపలు బిగుసుకుపోయాయి, నాలుక ఎండిపోయింది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం లాలాజలంలోని ప్రొటీన్‌ను పట్టేసుకుంటుందట. ఆ వగరు మెత్తబడాలని కొందరు ఏళ్లకేళ్లు దాస్తారు. వైన్‌లోకి సన్నగా ఆక్సిజన్ బుడగలు వదిలే పద్ధతి కూడా 1990ల మొదట్లో ఈ మదిరాన్ ప్రాంతంలోనే పుట్టింది. ఇళ్లలో అయితే గంటా రెండు గంటల ముందే వెడల్పాటి గాజు కూజాలోకి వంచి గాలి తగలనిస్తారు.

అసలు సంగతి భోజనం దగ్గర తెలిసింది. వాళ్లమ్మగారు బాతు రొమ్ము మాంసం చేశారు. పైనున్న కొవ్వు మీద కత్తితో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, చుక్క నూనె వేయకుండా ఆ కొవ్వు వైపే పెనం మీద పెట్టారు. కొవ్వు కరిగి, తొక్క కరకరలాడాక తిరగేశారు. ఉప్పు, మిరియాలు, అంతే. ఆ ముక్క తిని ఒక గుక్క తాగితే ఇందాకటి వగరు ఏమైపోయిందో! నువ్వు డికాషన్‌లో పాలు పోస్తే ఎలా మారుతుందో అలా. చివర్లో పిరనీస్ కొండల గొర్రె పాల చీజ్ పెట్టారు, దానికీ అంతే బాగా కుదిరింది.

మన వంటతో అనుకుంటున్నావా? కారం ఎక్కువైతే ఆల్కహాల్ మంటను ఇంకా పెంచుతుంది, గుంటూరు మిరపకాయతో మాత్రం వద్దు. చేపల పులుసుతో అసలే కాదు, నీచు కొడుతుంది. నువ్వు పండక్కి చేసే మిరియాల మాంసం వేపుడు ఉంది చూడు, దానికి సరిపోతుందని నా నమ్మకం. వేపుడు పంపలేవుగానీ, మిరియాల పొడి పంపు.

చిన్నాన్న సంగతి నేను మరిచిపోలేదమ్మా. ఆ రాత్రుళ్లు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ తాగి పాడైనవాళ్లు లేరని అబద్ధం చెప్పను, మా వీధిలోనే ఉన్నారు. కానీ ఆ ఇంట్లో ఒక సీసా ఆరుగురికి వచ్చింది, అందరూ రెండున్నర గంటలు కూర్చుని తిన్నారు. నా గదిలో సీసా ఉండదు. ఒంటరిగా తాగను. ఆ పూట అంతమంది మధ్య అన్నం తిన్నాను కాబట్టే ఫొటో పంపాను, నీకు సంతోషంగా ఉంటుందని.

సంబంధం వాళ్లు చూస్తారని ఫొటో తీసెయ్యమంది పెద్దమ్మ. తియ్యను. ఆ మాట నువ్వు చెప్పనక్కర్లేదు, నేనే చెబుతాను.

నాన్న షుగర్ రిపోర్ట్ ఇంకా రాలేదా? వస్తే ముందు నాకు పంపండి. అక్క సీమంతం తేదీ ఖాయం చేస్తే చెప్పండి, సెలవు అడగాలి, టికెట్ కొనాలి.

నీ
చిన్ని