బిడియం గల పిల్లలు, పెత్తనం చేసే తోటివారు

తల్లిదండ్రులకు నమస్కారం.

తరగతిలో నోరు మెదపడానికి మొహమాటపడే పిల్లలు, ప్రతి పనిలోనూ తమ మాటే నెగ్గాలనుకునే సహవిద్యార్థులతో ఎలా నెగ్గుకురావాలి, అందులో పెద్దవాళ్లం ఎంతవరకు కలగజేసుకోవాలి అన్న విషయం మీద ఈ నెల ఉత్తరం రాస్తున్నాను.

నలుగురు పిల్లలు కలిసి ఒక చార్టు తయారు చేస్తున్నారనుకుందాం. ఒక అమ్మాయి వెంటనే స్కెచ్ పెన్నుల డబ్బా తన వైపు లాక్కుని, ఎవరు బొమ్మ వెయ్యాలో, ఎవరు పేర్లు రాయాలో చెప్పేస్తుంది. అందరికీ పనులు పంచాక మిగిలిన పిల్లకు స్కేలు పెట్టి అంచు గీతలు గీసే పని దక్కుతుంది. ఆ పిల్ల బొమ్మలు ఎంత బాగా వేస్తుందో ఆమె నోటుపుస్తకం చివరి పేజీలు చూసినవారికే తెలుసు. అయినా ఏమీ అనదు. గీతలు గీస్తుంది, అవి వంకరగా వచ్చాయని మాట కూడా పడుతుంది, ఇంటికి వచ్చాక బడిలో ఏం చేశావని మీరు అడిగితే ‘ఏమీ లేదు’ అంటుంది. చార్టు మాత్రం సమయానికి పూర్తయి గోడకెక్కుతుంది కనుక అందులో లోపం ఉందని ఎవరికీ తోచదు.

ఇది వేధింపా అని అడిగితే, చాలాసార్లు కాదనే చెప్పాలి. పిల్లల మధ్య వేధింపులపై 1970ల నుంచి పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదే పదే జరగడం, ఎదుటివారు తమను తాము కాపాడుకోలేనంతగా బలాబలాల్లో తేడా ఉండడం. పెత్తనం చేసే పిల్లల్లో సాధారణంగా మొదటిది ఉండదు. పని తాను అనుకున్నట్టు జరగాలన్న ఆత్రమే ఉంటుంది. అయితే ఎదుట ఉన్నది బిడియస్తురాలైతే మూడో గుర్తు మొదటి రోజు నుంచే సగం ఉన్నట్టు లెక్క, అడ్డు చెప్పేవారు లేనందువల్ల రెండోది దానంతట అదే వచ్చి చేరుతుంది. అందుకే ఇది చిన్న విషయమని మేము వదిలేయడం లేదు. వస్తువులు లాక్కోవడం, చెప్పినట్టు వినకపోతే ఎవరూ నీతో ఆడరని బెదిరించడం, బడికి బయలుదేరే వేళకే కడుపునొప్పి రావడం వంటివి మీ దృష్టికి వస్తే ఆ రోజే మాకు తెలియజేయండి.

అంత దూరం రాని సందర్భాల్లో తల్లిదండ్రులు చేసే మొదటి పని, ‘నువ్వూ గట్టిగా అనెయ్’ అని నూరిపోయడం. మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్ జరిపిన దీర్ఘకాలిక అధ్యయనాల్లో, సుమారు 20 శాతం మంది శిశువులు నాలుగు నెలల వయసులోనే కొత్త దృశ్యాలకు, శబ్దాలకు మిగతావారికంటే ఎక్కువగా కలత చెందారు. పెద్దవుతున్నకొద్దీ వారిలో బిడియం కనిపించే అవకాశం కూడా ఎక్కువగానే ఉంది. పుట్టుకతో ఇంత సంబంధం ఉన్న స్వభావం ఒక్క మందలింపుతో మారదు. ఇక రెండో పని, అవతలి పిల్ల తల్లికి ఫోన్ చేయడమో, వాట్సాప్ గ్రూపులో ప్రస్తావించడమో. దానివల్ల మర్నాడు తరగతిలో తలదించుకునేది మీ బిడ్డే. బడిలో రోజంతా ఒకరు చెప్పినట్టు నడుచుకుని వచ్చిన పిల్లకు, ఇంట్లో కూడా మనమే అన్నీ నిర్ణయించి పెడితే ఆమెకు ఒరిగేదేమిటి?

ఇంట్లో చేయగలిగిన మంచి పని ఒకటుంది. పెత్తనం చేసే పిల్లలా మీరు నటించండి, మీ బిడ్డను జవాబు చెప్పమనండి. తర్వాత పాత్రలు మార్చుకోండి. మీ మీద పెత్తనం చేసే వంతు వచ్చినప్పుడు ఎంత నెమ్మదస్తులైన పిల్లలైనా ఉత్సాహంగా రెచ్చిపోతారు, ఆ నవ్వుల్లో సగం భయం పోతుంది. జవాబు చిన్నదిగా ఉండాలి: ‘ఈసారి బొమ్మ నేను వేస్తా’, ‘ఇప్పుడు నా వంతు’. అది పిల్లల సొంత మాటల్లోనే ఉండాలి, ఎందుకంటే మనం నేర్పిన వాక్యం అవసరమైన క్షణంలో గొంతులోనే ఆగిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పి, అవతలివారు ఒప్పుకునేదాకా వాదించకుండా తన పని మొదలుపెట్టడం వరకు సాధన చేయిస్తే చాలు. సాయంత్రం ‘ఇవాళ కూడా ఏమన్నా అందా?’ అని ఆరా తీసేకంటే ‘చార్టులో నీ భాగం ఏది?’ అని అడిగితే కబుర్లు ఎక్కువ తెలుస్తాయి.

బడిలో మా వంతు పని కూడా మొదలైంది. గుంపు పనుల్లో ఎవరు ఏం చేయాలో ఇకపై చీటీలు వేసి నిర్ణయిస్తాం, ఆ పాత్రలు మారుతూ ఉంటాయి. ఉపాధ్యాయులు సాధారణంగా ప్రశ్న వేశాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే మామూలుగా చెయ్యెత్తని పిల్లలు కూడా మాట్లాడతారనీ 1970లలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. తరగతిలో ఆ మూడు సెకన్లు ఎంత దీర్ఘంగా అనిపిస్తాయో పాఠం చెప్పినవారికే తెలుసు. అయినా పాటించమని మా ఉపాధ్యాయులను కోరాను.

చురుకుగా, నలుగురినీ నడిపించే పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ ఉత్తరం చదువుతున్నారు. మీ పిల్లల చొరవ మాకు కావాలి, దానికి ‘రౌడీ’ అన్న పేరు పెట్టనివ్వం. అందరినీ అడిగి, వారు చెప్పింది రాసుకున్నాకే పని మొదలుపెట్టే బాధ్యత అలాంటివారికి అప్పగిస్తున్నాం. పైగా నడిపించే పిల్ల, బిడియపడే పిల్ల చాలాసార్లు నిజమైన స్నేహితులే. నిర్ణయాలు తీసుకునే బరువు ఒకరు మోస్తుంటే, రెండోవారికి ఆ నీడ హాయిగానే ఉంటుంది. కాబట్టి సెక్షన్ మార్చమని మమ్మల్ని అడిగే ముందు మీ బిడ్డకు అది ఇష్టమేనా అని కనుక్కోండి.

ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు, కొత్తగా చేరిన మొదటి నెల గడిచాక కూడా, నెలకు పైగా బడిలో అసలు నోరు విప్పకపోతే దాన్ని మామూలు బిడియంగా భావించకండి. పిల్లల మానసిక నిపుణులకు చూపించే విషయం మనం కలిసి మాట్లాడుకుందాం.

మిగతా సందర్భాల్లో క్లాస్ టీచర్‌కు డైరీలో రాయండి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, పిల్లలు చెప్పిన మాటల్లోనే. పంపే ముందు దాన్ని మీ బిడ్డకు చదివి వినిపించండి. ఏదైనా వాక్యం తీసేయమంటే తీసేసి పంపండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు