రక్తం జబ్బు ఉంటే సూది మానేయడం కాదు, వేసే పద్ధతి తెలియాలి

ఎడిటర్ గారికి నమస్తే,

వీధికుక్కల మీద మీ జిల్లా పేజీలో వార్తలు వస్తూనే ఉన్నాయి, ప్రతి వార్త చివర "కరిస్తే వెంటనే టీకా వేయించుకోండి" అని కూడా రాస్తున్నారు. మంచిదే. కానీ రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న పిల్లాడిని కుక్క కరిస్తే దవాఖానలో ఏం జరుగుతోందో కూడా ఒకసారి రాయండి. మా బాబుకు హీమోఫీలియా ఉంది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ ఎనిమిది అనే ప్రోటీన్ వాడిలో చాలా తక్కువ. ఈ మధ్య వాడి పిక్క మీద కుక్క కరిచింది. సబ్బుతో పావుగంట సేపు కడిగి తీసుకెళ్లాం, జబ్బు సంగతి మేమే ముందు చెప్పాం, చెప్పిన పాపానికి తీసిన సూది పక్కన పెట్టేశారు. "రక్తం ఆగకపోతే మా మీదికొస్తది, పెద్ద డాక్టర్ దగ్గర లెటర్ తెచ్చుకోండి" అన్నారు. బతిమాలి, గొడవపడి, చివరికి ఒక సీనియర్ డాక్టర్ వచ్చి తిడితే అప్పుడు వేశారు.

రేబిస్ ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు ఉండదు. అలాంటప్పుడు లెటర్ కోసం తిప్పడం ఏంటండీ? పైగా కుక్క కాటు టీకా మన సర్కారు దవాఖానల్లో ఎక్కువగా చర్మం పొరలోకే వేస్తారు, కండలోకి కాదు. సన్నటి సూదితో రెండు భుజాల మీద చెరో 0.1 మిల్లీలీటరు, వేసిన చోట చిన్న బుడిపె లేస్తుంది, అంతే. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. కండలో రక్తం పేరుకుంటుందన్న భయం ఇందులో చాలా తక్కువ. చర్మం చీలి రక్తం వచ్చిన కాటైతే గాయంలోకే రేబిస్ సీరం (వెంటనే పనిచేసే యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి, అప్పుడు మాత్రం ముందు ఫ్యాక్టర్ ఇవ్వాలా అని డాక్టర్ చూసుకోవాలి, అది నిజం. దానికోసం టీకానే ఆపేయమని ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ బాబుకే వేరే టీకాను సరిగ్గా వేసిన మనిషిని కూడా నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఈ జబ్బు మా అన్నకు ఉంది, నా ద్వారా బాబుకు వచ్చింది. దీన్ని మోసేది ఎక్కువగా ఆడవాళ్లం, బయటపడేది మగపిల్లల్లో. కాబట్టి వాడి నెలన్నర వయసులో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) వేయించే బుధవారం నాడు సబ్ సెంటర్ ఏఎన్ఎం అక్కకు ముందే చెప్పాను. ఆమె భయపడలేదు, నన్ను తిప్పి పంపలేదు. డాక్టర్‌కు ఫోన్ చేసి మాట్లాడింది. వరుసలో మమ్మల్ని చివరికి కూర్చోబెట్టింది, ఉన్నవాటిలో సన్నటి సూది వెతికి తీసింది, ఐస్ ముక్కను గుడ్డలో చుట్టి తొడ మీద ఐదు నిమిషాలు పెట్టించింది. సూది వేశాక దూదితో గట్టిగా అదిమిపట్టి, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు అలాగే కూర్చుంది. "రుద్దొద్దు బిడ్డా, రుద్దితేనే లోపల రక్తం కారుతది, ఒత్తి పట్టుకోవాలె" అని నాకు చూపించింది. జ్వరం వస్తే పారాసిటమాల్ చుక్కలే వేయమంది, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ముట్టొద్దంది. మర్నాడు ఆశ అక్కను ఇంటికి పంపి తొడ చూసి రమ్మంది. ప్రపంచ హీమోఫీలియా సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదీ దాదాపు ఇదే: సన్నటి సూది, ముందు ఐస్, తర్వాత కనీసం పది నిమిషాల ఒత్తిడి, వీలైన టీకాను కండలోకి కాకుండా చర్మం కిందికి వేయడం, జబ్బు తీవ్రతను బట్టి ముందుగా ఫ్యాక్టర్. ఆమె అవి చదివిందో లేదో నాకు తెలియదు, పని మాత్రం వచ్చు.

ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేనివాళ్ల పరిస్థితి వేరు. పెంటావాలెంట్ వేశాక తొడ నల్లగా కమిలి గట్టిపడి, వాపు ఎంతకీ తగ్గకపోతే, "టీకా అన్నాక వాపు రాదా" అని ఊరుకోవద్దు. కొందరు పిల్లల్లో హీమోఫీలియా మొదట బయటపడేది అలాగే. రక్త పరీక్ష అడగండి, సూదిని తిట్టుకుంటూ కూర్చోవద్దు.

ఈ భయం కొంత కోవిడ్ కాలం నుంచి మిగిలిపోయింది. 2021 జనవరిలో కోవాగ్జిన్ కంపెనీ ఇచ్చిన కాగితంలో రక్తం కారే జబ్బులున్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు తీసుకోవద్దని ఉంది. అదే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన లేఖలో మాత్రం అలాంటివాళ్లకు జాగ్రత్తగా వేయాలని ఉంది. ఒకటి వద్దంటుంది, ఒకటి జాగ్రత్త అంటుంది, జనం ఏది పట్టుకుంటారు? వద్దు అన్నదే పట్టుకున్నారు. తర్వాత కోవిషీల్డ్ వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డలు వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతాయన్నది 2024లో లండన్ కోర్టు కాగితాల ద్వారా మళ్లీ పేపర్లకెక్కింది. ఆ సమస్య నిజమే, దాన్ని దాచమని నేను అనను. కానీ అది ఆ రకం టీకాకు సంబంధించిన ప్రత్యేకమైన రియాక్షన్. దానికీ ధనుర్వాతం సూదికీ, హెపటైటిస్ బి సూదికీ సంబంధం లేదు. మా వీధిలో గుండె వాల్వు మార్పించుకుని ఎసిట్రోమ్ అనే రక్తం పలచబరిచే గోలీ వాడే అక్క ఒకామె, కాలికి మేకు గుచ్చుకున్నా టీటీ వేయించుకోనని కూర్చుంది, "నా రక్తం పలచన కదమ్మా" అని. ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) డాక్టర్ చెప్పిన లెవెల్‌లోనే ఉందో లేదో చూపించుకుని, సన్న సూదితో వేయించుకుని, ఒత్తి పట్టుకుంటే సరిపోతుంది. టీకా కోసమని ఆ గోలీలు సొంతంగా మానేయడం అసలు ప్రమాదం, వాల్వు మీద గడ్డ కడితే ప్రాణానికే వస్తుంది.

ఇంకో మాట. కొన్ని రక్తం జబ్బుల్లో టీకా మిగతావాళ్లకన్నా ఎక్కువ అవసరం. ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు, ఎంత పరీక్ష చేసిన రక్తమైనా హెపటైటిస్ బి టీకా లేకుండా ఉంచకూడదు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) క్రిములతో పోరాడే ప్లీహం చిన్నప్పుడే పనిచేయడం మానేయవచ్చు, న్యుమోనియా క్రిమి రక్తంలోకి పోతే గంటల్లో పిల్లలు చేయి దాటిపోతారు. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, సంతోషం. న్యుమోనియా టీకా మన సర్కారు పట్టికలో 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉంది. ఆ వయసు దాటాక జబ్బు బయటపడిన పిల్లవాడి సంగతేంటి? కూలి చేసుకునే తండ్రి ప్రైవేటులో కొనగలడా? సికిల్ సెల్ కార్డు ఉన్న ప్రతి పిల్లవాడికీ ఏ వయసైనా ఆ టీకా ఉచితంగా ఇవ్వాలని మీ పత్రిక ద్వారా ఆరోగ్య శాఖను అడుగుతున్నాను.

హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ మూడింటినీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. చట్టంలో చోటిచ్చి టీకా గదిలో చోటివ్వకపోతే ఎట్లా? డాక్టర్లను అడిగి ఒక పేజీ రాయించి ప్రతి పీహెచ్‌సీ, బస్తీ దవాఖాన గోడ మీద అంటించమనండి, ఎవరికి ఎలా వేయాలి, ఎంతసేపు ఒత్తాలి, ఫ్యాక్టర్ కోసం ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి అని. మీరు కూడా బుధ, శనివారాల టీకాల ప్రకటన వేసేటప్పుడు కింద ఒక్క లైను కలపండి: రక్తం జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పండి, మీకూ టీకా వేస్తారు అని.

ఇట్లు,
ఒక హీమోఫీలియా బాబు తల్లి,
కాజీపేట