నరకాన్ని సగంలో ఆపకండి

సంపాదకులు గారికి,

పితృదేవతలను తలచుకునే మహాలయ పక్షం వచ్చిందంటే భక్తి ఛానళ్లలోనూ, మీ పత్రికతో సహా దినపత్రికల ఆధ్యాత్మిక పేజీల్లోనూ నరకం సందడి మొదలవుతుంది. ఏ పాపానికి ఏ శిక్షో పట్టిక వేసి, పక్కన సలసల కాగే నూనె బాన బొమ్మ అచ్చువేస్తారు. మనిషి పోయిన ఇంట్లో, కన్నీళ్లింకా ఆరనివాళ్ల ముందు ఇవే చదివి, ఫలానా దానం చేయకపోతే మీ నాన్నగారు యమలోకపు దారిలోని వైతరణి నది దాటలేరని బెదిరించేవారూ ఉన్నారు.

పురాణాల్లో నరకవర్ణన లేదని నేను అనను. భాగవతం పంచమ స్కంధం 28 నరకాలను పేర్లతో సహా చెబుతుంది. ప్రాణమున్న పశువులనూ పక్షులనూ వండుకున్నవారికి కాగే నూనెలో ఉడికించే కుంభీపాకం అంటుంది (ఈ శిక్షను ఎందుకో ఎవరూ పెద్ద అక్షరాల్లో వేయరు). నా అభ్యంతరమల్లా మన కవులు నరకాన్ని ఎందుకు చూపించారో చెప్పకుండా వదిలేయడం మీదే.

తిక్కన 13వ శతాబ్దంలో తెనిగించిన 15 మహాభారత పర్వాల్లో చివరిది స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉంటాడు. తమ్ముళ్లు కనిపించరు. వాళ్లున్న చోటికే తీసుకెళ్లమంటే దేవదూత దారి చూపిస్తాడు. కటిక చీకటి, నెత్తురు బురద, కుళ్లిన శవాల కంపు, ఇనుప ముక్కుల కాకులు, కత్తుల్లాంటి ఆకుల అడవి, మరుగుతున్న నది. భరించలేక వెనుదిరగబోతే చీకట్లోంచి గొంతులు బతిమాలుతాయి: నీ ఒంటి మీది నుంచి వచ్చే గాలితో మా బాధ తగ్గింది, కాసేపు ఆగు. మీరెవరని అడిగితే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను ద్రౌపదిని అంటాయి. అప్పుడు ధర్మరాజు దూతను వెనక్కి పంపేసి, తాను అక్కడే ఉండిపోతానంటాడు. మన పేజీలు ఇనుప ముక్కుల కాకుల దగ్గరే ఆగిపోతాయి, ఈ నిర్ణయం దాకా రావు.

ఆ గాలి మార్కండేయ పురాణంలోనూ వీస్తుంది. దాన్ని తెలుగు చేసినవాడు తిక్కన శిష్యుడు మారన. విపశ్చిత్తు అనే రాజు చిన్న దోషానికి నరకం చూసి తిరిగి వెళ్లబోతుంటే అక్కడివాళ్లు ఇలాగే వేడుకుంటారు. దేవతలకూ, పితరులకూ, అతిథులకూ, సేవకులకూ పెట్టిన తరువాతే తిన్న శరీరం కనుక దాన్ని తాకిన గాలికి ఆ గుణం వచ్చిందట. ఇంద్రుడూ యముడూ వచ్చి పిలిచినా రాజు కదలడు. తన పుణ్యం ధారపోసి వాళ్లను విడిపిస్తాడు. ఇటలీ కవి డాంటే కూడా నరకంలో సుడిగాలికి కొట్టుకుపోతున్న ప్రేమికుల కథ విని జాలితో మూర్ఛపోతాడు. కానీ ఆ గాలి శిక్ష, మన కవుల గాలి ఊరట.

ఇకమీదట శిక్షల జాబితా వేసినప్పుడు అది ఏ గ్రంథంలో, ఏ భాగంలో ఉందో తప్పక రాయండి. కథ ఉంటే చివరిదాకా చెప్పండి. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతం అర్థతాత్పర్యాలతో ఉంది కాబట్టి మీ ఉపసంపాదకులకు పెద్ద శ్రమ కూడా ఉండదు.

— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి